పచ్చికూరల పళ్లెము

ఒకనాటి మధ్యాహ్న విరామమున మా తరగతి బాలిక యొకతె తన డబ్బాలోని కీరదోస ముక్కలను ఏరి పారవేయుచుండెను. కారణమడుగగా, "మాస్టరుగారూ, ఇవి చప్పగా నున్నవి" అనెను. ఆ మాట సత్యమే. ఉప్పు, పులుపు లేని పచ్చికూర నెవరు మెత్తురు?

మన నగరమునందే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గలదు. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదు చేరిన ఆ సంస్థ, 2024లో ప్రకటించిన సూత్రములలో దినమునకు 400 గ్రాముల కూరగాయలు తినవలెనని చెప్పినది. మన పిల్లల డబ్బాలలో అన్నము, ఆవకాయ, వేపుడు తప్ప వేరేమున్నది?

పచ్చివే సర్వోత్తమములని నేననను. క్యారెట్టులోని కెరోటిను ఉడికిన పిమ్మటనే మిక్కుటముగా ఒంటబట్టును. కాని సి విటమిను వేడికి నశించును గనుక దినమున కొక పూటయైన పచ్చికూర యుండవలెను.

నాలుగురికి రెండు కీరదోసలు, ఒక క్యారెట్టు, ఒక ముల్లంగి, ఒక టమాట చాలును. వీనిని సన్నగా తరిగి, రెండు గంటలు నానిన పెసరపప్పు గుప్పెడు చేర్చవలెను. వడపప్పు నెరిగిన మన ఇండ్లకిది క్రొత్త కాదు. ఒక నిమ్మకాయ రసము, రెండు చెంచాల వేరుసెనగ పొడి, ఒక చెంచా నూనె, మిరియాల పొడి కలిపి పైన పోయవలెను. ఉప్పు తినుబోవు నప్పుడే వేయవలెను. ముందు వేసినచో ముక్కలు నీరూరి మెత్తబడును. ఈ రసము రుచికి మాత్రమే కాదు. నిమ్మరసము పప్పులోని ఇనుమును దేహమునకు పట్టించును. నూనె లేనిదే కెరోటిను చక్కగా ఇమడదు. సీసాలలో దొరకు డ్రెస్సింగులలో ఉప్పు, పంచదార ఎంత కలదో చీటి చదివినగాని తెలియదు.

ఒక తల్లి నన్నడిగెను: "మూసీ మురుగునీట పెరిగిన ఆకులను బిడ్డకు పచ్చివిగా నెట్లు పెట్టుదును?" ఆమె భయము న్యాయమైనది. చాదర్‌ఘాట్ వంతెన దాటు ప్రతివాడును ఆ నీటిని చూచుచునే యున్నాడు. నగరమునకు దిగువన ఆ నీటితోనే ఆకుకూరలు చిరకాలముగా పండించుచున్నారు. కావున నా సలహా యిది: ఎచ్చటిదో తెలియని ఆకును ఉడికించియే తినుడు. పచ్చిగా తినుటకు చెక్కు తీయదగిన కాయలనే యెన్నుకొనుడు. సరూర్‌నగర్ రైతు బజారున అమ్మువానిని, ఏ యూరి పంటయని అడుగుడు. త్రాగుటకు తగిన నీటితో చేతులను, కత్తిని, కాయలను కడుగుడు. ఉప్పునీట ముంచిన మాత్రమున క్రిములు చావవు.

నదిని శుభ్రపరచుట ప్రభుత్వము పని. డబ్బాను నింపుట మన పని. మొదటిది జరుగువరకు రెండవది ఆపరాదు. విద్యార్థులారా, ఈ పళ్లెమును మీరే తయారు చేయుడు. తన చేతితో కలిపిన దానిని పారవేయు బాలుని నేనింతవరకు చూడలేదు.