అమ్మమ్మ డీకన్, వంట మాత్రం అమ్మది

అమ్మమ్మ పోయి ఏడాదయింది. మొన్న జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఆమె గురించి మంచి మాటలే చెప్పారు. తొంభై దాటి బతికిన మనిషి, అందులో ఇరవై ఏళ్లకు పైగా సంఘంలో డీకన్. చెప్పడానికేం తక్కువ? ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ మా అమ్మ అన్న మాటే నన్ను వదలడం లేదు.

"ఊరందరికి అమ్మనే గని, నాకు ఆదివారం అమ్మ దొరకలే బిడ్డా."

అమ్మమ్మ పుట్టింది సిరిసిల్లలో, మెట్టింది కోరుట్లలో, చివరి పదిహేనేళ్లూ జగిత్యాలలో మా దగ్గర. 2016 అక్టోబరు దాకా మూడూ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. "నేను యాడికి కదలలే, జిల్లాలే కదిలినయి" అని నవ్వేది.

డీకన్ అంటే పాస్టర్ కాదు. కానుకలు లెక్కపెట్టాలి, ప్రభు బల్ల సిద్ధం చేయాలి, జబ్బు పడ్డవాళ్లను చూసి రావాలి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో ఏడుగురిని ఎన్నుకున్నది కూడా విధవరాళ్లకు రోజూ అందాల్సింది సరిగా అందడం లేదనే. ఆ పదవి అమ్మమ్మకు యాభై దాటాక వచ్చింది. పని మాత్రం పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టింది.

కోరుట్లలో ఏ వాడకు పోయినా ఆడవాళ్ల ఒళ్లో బీడీల చేటే కదా. ఎవరు ఎన్ని వేలు చుట్టి ఇచ్చారో, బాగాలేవని ఎన్ని పక్కన పడేశారో అమ్మమ్మ నోటుబుక్కులో రాసి పెట్టేది. ఆమె చదివింది ఐదో తరగతే. తర్వాత దుబాయి ఉత్తరాలు చదివి జవాబులు రాసిచ్చేది. తెలంగాణ వచ్చాక బీడీ పింఛన్ కాగితాలు కూడా ఆమె దగ్గరికే వచ్చాయి. వచ్చినవాళ్లు ఏ గుడికి పోతారని ఎన్నడూ అడగలేదు. సిరిసిల్లలో మగ్గాలు ఆగి నేతన్నలు ప్రాణాలు తీసుకున్న రోజుల్లో బస్సెక్కి పోయి ఆ ఇళ్లలో కూర్చునేది. సంచిలో బియ్యం, చింతపండు. "ఏడ్చేటోళ్ల కాడ ప్రసంగం జెప్పొద్దు, పొయ్యి ముట్టియ్యాలె" అనేది.

ఆ చిన్నప్పటి రోజుల్లో కోరుట్ల ఇంట్లో పొయ్యి ముట్టించింది ఎవరు? తొమ్మిదేళ్ల మా అమ్మ. ఆరుగురికి వంట, ఇద్దరు తమ్ముళ్లకు స్నానాలు. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఈ సంగతి కూడికలో ఒక్కరూ అనలేదు. నేనూ లేచి చెప్పలేదు. అదే నాకు సిగ్గుగా ఉంది.

తప్పు అమ్మమ్మది అనను. ఆమెతోపాటు డీకన్లుగా ఉన్న మగవాళ్లకూ ఇళ్లున్నాయి. వాళ్ల వంట సంగతి సంఘంలో ఎవరైనా అడిగారా? అడగక్కర్లేదు, ఇంట్లో భార్య ఉంది. అమ్మమ్మకు భార్య లేదు, కూతురు ఉంది. మా తాతయ్య మంచివాడే. మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోలేదు, అంతే.

రోమా పత్రికలో పౌలు ఫీబేను సంఘ పరిచారకురాలు అన్నాడని అమ్మమ్మ గర్వంగా చెప్పేది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయినప్పుడు, సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ అని పేపర్లో ఫోటో వస్తే కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. ఆ రోజు కూడా అన్నం వండింది అమ్మే.

ఇప్పుడు సంఘంలో నా పేరు అనుకుంటున్నారు. "మీ అమ్మమ్మ లెక్క చెయ్యాలె" అంటున్నారు. చేస్తాను, కానీ ఆమె లెక్క కాదు. నా బిడ్డ పదో తరగతి. ఆదివారం అది పొయ్యి దగ్గరికి రాదని మా ఆయనకు ముందే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పప్పుకు ఎన్ని విజిల్లని అడిగాడు.

పోయిన ఆదివారం ఆయనే వండాడు. ఉప్పు ఎక్కువైంది. అమ్మ రెండోసారి కూడా పెట్టించుకుంది.