కంభం కట్టకు రంగులు కాదు, మట్టి కావాలి

కంభం చెరువును చూడ్డానికి జనం వస్తారు. పడవలు తిప్పండి, బెంచీలు వేయండి, మేము కాదనం. అయితే రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కూలి జనం తట్టలతో మోసిన మట్టి అది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపు వచ్చింది. గుర్తింపు కట్టను కాయదు గదా!

మట్టికట్ట ఒక్కరోజులో తెగదు. కంపచెట్ల వేళ్లు దిగుతాయి, ఎలుకలు బొరియలు తవ్వుతాయి, తూము పక్కన నీరు ఊరుతుంది. తేటనీరైతే కొంత నయం. మట్టినీళ్లు వచ్చాయంటే కట్ట లోపల కోసుకుపోతున్నట్టే. ఇది గొడ్లు కాసే పిల్లవాడికీ తెలుసు. ఇక కలుజు పూడి, నీళ్లు కట్ట మీదుగా పొర్లితే చెప్పేదేముంది?

2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అయిదు గేట్లలో ఒకటి లేవలేదు. పులపత్తూరు, మందపల్లి మునిగాయి. 2022లో ఇదే గుండ్లకమ్మ మీద, దిగువన మల్లవరం దగ్గర, రిజర్వాయరు గేటు ఊడిపోయింది. నీళ్లు సముద్రం పాలు.

వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయాలని 2021 నాటి డ్యాముల భద్రతా చట్టమే చెబుతోంది. ఆ తనిఖీ కాగితాన్ని తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. ఎండాకాలంలో కంప కొట్టే పనీ, మట్టి పనీ కంట్రాక్టరు యంత్రాలకు కాక ఊరి కూలీలకే ఇవ్వాలి. కూలి వారం వారం చేతికందాలి.