చల్లగాలికి చిట్టా ఆవర్జా

కాపురం తెనాలిలో, ఉద్యోగం బాపట్లలో, అమ్మ రేపల్లెలో. ఈ మూడూళ్ల మధ్య రైలెక్కుతూ దిగుతూ ఇరవై ఏళ్లు గడిపేశాను. పాఠాలు చెప్పుకునే తెలుగు మేష్టర్ని. లెక్కలంటే చిన్నప్పటినుంచీ నాకూ వాటికీ పడదు. అటువంటి నేను ఈ వారం కరెంటు బిల్లుల మీద రాయడానికి కూర్చున్నానంటే, దానికి కారణం మా అమ్మ బీరువా.

గడచిన మే నెలలో ఒక మధ్యాహ్నం పరీక్షపత్రాలు దిద్దుకుంటూ ఉండగా రేపల్లెనుంచి పక్కింటివారు ఫోను చేశారు. అమ్మ వంటింట్లో కళ్లు తిరిగి కూలబడిందట. ఉన్నపళంగా బయలుదేరి వెళ్లాను. అప్పటికే డాక్టరుగారు చూసి వెళ్లారు. "వడదెబ్బ అనను గాని, దాని గుమ్మందాకా వెళ్లి వచ్చారు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒంట్లో నీరు లేదు. డెబ్బై దాటినవారు కాస్త చల్లటి గదిలో పడుకోవాలి" అన్నారట.

చల్లటి గది లేకేం! రెండేళ్ల కిందట ఒక టన్ను ఏసీ కొని నేనే బిగించి వచ్చాను. గదిలోకి వెళ్లి చూద్దును గదా, ఏసీ గోడమీద భద్రంగా ఉంది. దానికి అమ్మ స్వహస్తాలతో పువ్వులు కుట్టిన గుడ్డ తొడుగు ఉంది. రిమోటు మాత్రం కనబడలేదు. అడిగితే, "బీరువాలో ఉందిలే, నాన్నగారి పింఛను కాగితాల పక్కన" అంది నీరసంగా.

"అది పెట్టుకోవలసిన చోటేనా అమ్మా?"

"ఖరీదైన వస్తువులన్నీ అక్కడేగదరా పెట్టేది! అది వేస్తే నెలకు నాలుగు వేలవుతుందని వీధిలో అందరూ అంటున్నారు. ఉన్న పింఛనులో నాలుగు వేలు గాలికి పోస్తానా?"

"బిల్లు నేను కడతాను" అన్నాను. అనకుండా ఉండవలసింది. అమ్మ లేచి కూర్చుంది. "నా ఇంటి దీపానికి ఇంకొకరు డబ్బు కట్టేదాకా వచ్చిందా నా బతుకు?" అంది. ఆ తర్వాత గంటసేపు నాతో మాట్లాడలేదు.

ఆ గంటలో నాకు జ్ఞానోదయమైంది. యంత్రం కొనిచ్చి కొడుకుగా నా ధర్మం నెరవేర్చానని అనుకున్నాను. అది రాత్రికి ఎంత కరెంటు తాగుతుందో ఏనాడూ చెప్పలేదు. చెప్పడానికి నాకూ తెలియదు. తెలియని ఖర్చు దయ్యం లాంటిది, చీకట్లో తాటిచెట్టంత కనిపిస్తుంది. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ మాట తలచుకుంటే, బీరువాలో ఉన్న ఆ రిమోటు నాకు తమాషాగా తోచలేదు.

సరే, లెక్కకు దిగాం. మీటరు వసారాలోనే ఉంది. మొదటి రాత్రి 24 డిగ్రీల దగ్గర పెట్టి, తొమ్మిది గంటలు నడిపి, పొద్దున్నే అంకెలు చూసి, ఫ్రిజ్జు వగైరాల వాటా తీసివేస్తే 6 యూనిట్లు తేలింది. మరునాడు 27 దగ్గర పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పాం. 5 యూనిట్లు. రెండు రాత్రులూ ఒకే ఉక్కపోతగా ఉన్నాయని ప్రమాణం చేయలేను గాని, ఒక్కొక్క డిగ్రీ పెంచితే నూటికి ఆరు వంతుల కరెంటు మిగులుతుందని ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థవారు చెప్పే మాటకు ఇది దగ్గరగానే ఉంది. 2020 జనవరినుంచి కొత్త ఏసీలన్నీ వేయగానే 24 మీద నిలిచేటట్లు వారే నియమం పెట్టారు. పైన తిరిగే పాత ఫ్యాను 75 వాట్లది. రాత్రంతా తిరిగినా ముప్పాతిక యూనిట్టు దాటదు. కాని ఒంటికి గాలి తగిలితే 27 కూడా 24 లాగే ఉంటుంది. "ఇదే బాగుంది, ఆ మొదటి రాత్రి దుప్పటి వెదుక్కున్నాను" అంది అమ్మ.

ఇప్పుడు రూపాయలు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు 2022లో నియంత్రణ మండలివారు పెట్టిన రేట్లు మెట్లు మెట్లుగా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1.90. అక్కడనుంచి 75 వరకు 3 రూపాయలు. 125 వరకు 4.50. 225 వరకు 6 రూపాయలు. 400 వరకు 8.75. ఆపైన 9.75. పై మెట్టు ఎక్కినంత మాత్రాన కింది మెట్ల రేటు మారదు. ఏ మెట్టు యూనిట్లకు ఆ మెట్టు ధరే. ఈ సంగతి తెలియకనే చాలా ఇళ్లలో, ఒక్క యూనిట్టు దాటితే బిల్లంతా పెద్ద రేటుకు పోతుందని భయపడతారు.

అమ్మ ఒక్కతే కాబట్టి మామూలు నెలలో 75 యూనిట్లు కాలుస్తుంది. దానికి 192 రూపాయలు. రోజుకు 5 చొప్పున నెలకు 150 యూనిట్లు ఏసీకి కలిపితే 225. దానికి 1,017 రూపాయలు. అంటే చల్లదనం ఖరీదు 825. యూనిట్టుకు అయిదున్నర పడింది. స్థిర చార్జీలు, సుంకం, సర్దుబాటు చార్జీలు వేరే ఉంటాయనుకోండి. అయినా వీధివారి నాలుగు వేలు ఎక్కడ, ఇది ఎక్కడ!

అదే కాగితం వెనక తెనాలిలో మా ఇంటి లెక్క వేసి నోరు వెళ్లబెట్టాను. మాకు ఏసీ లేకుండానే 225 అవుతుంది. రెండు గదుల్లో రెండు ఏసీలు వేస్తే నెలకు మరో 300. ఇవన్నీ పై మెట్ల మీదే పడతాయి. 175 యూనిట్లు 8.75 చొప్పున, 125 యూనిట్లు 9.75 చొప్పున. వెరసి 2,750 రూపాయలు. యూనిట్టు తొమ్మిది దాటింది. ఎవరు దుబారా అని భయపడుతున్నారో వారి చల్లగాలి చవక. ఎవరు నిశ్చింతగా నిద్రపోతున్నారో వారిది ప్రియం!

"మరి పూర్వం ఇవేవీ లేకుండా బతకలేదా?" అని మీలో పెద్దలు అడుగుతారు. అమ్మా అడిగింది. బతికాం. సాయంత్రం అరుగుమీద నీళ్లు చల్లి, డాబామీద పక్కలు వేసుకుంటే సముద్రంమీదనుంచి గాలి వచ్చేది. ఇప్పుడు ఆ గాలికి అడ్డంగా పక్కవారి మూడంతస్తులు లేచాయి. దోమలు, దొంగల భయం సరేసరి. గుమ్మానికి వట్టివేళ్ల తట్టి కట్టి తడపడం పల్నాటి పొడివేడికి దివ్యమైన ఉపాయం. కూలరు చేసే పనీ అదే. మన సముద్రతీరంలో గాలికే చెమట పట్టి ఉంటుంది. ఇంక ఆ తడిని ఎక్కడ ఆరనిస్తుంది?

ఈ తేమ సంగతి వింతైనది. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఈ యంత్రానికి రూపకల్పన చేసింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడక, ఆ తేమను అదుపులో పెట్టడానికి చేశాడు. ఇవాళ రేపల్లెలో అది చేస్తున్న సగం పని అదే. గొట్టం కింద పెట్టిన బకెట్టులో తెల్లవారేసరికి చేరే నీళ్లు చూస్తే తెలుస్తుంది. అమ్మ ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తోంది. "డబ్బు పెట్టి కొన్న నీళ్లురా" అంటుంది.

అసలీ యంత్రం చల్లదనాన్ని పుట్టించదు. పడవలోకి వచ్చిన నీళ్లు తోడి బయట పోసినట్లు, గదిలో వేడిని తోడి బయట పోస్తుంది. టన్ను అనే మాట కూడా మంచు వ్యాపారం నాటిదే. అమెరికావారి టన్ను మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని రోజుకు తోడగల శక్తి అన్నమాట.

ఆ వారంలోనే ఫిన్లాండులో ఉన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. ఏసీ గొడవ చెబితే నవ్వాడు. "మామయ్యా, మా ఇంట్లోనూ గోడమీద అదే పెట్టె ఉంది. ఇక్కడ తిరగవేసి వాడతాం. మీరు బయటికి తోడేదాన్ని మేము లోపలికి తోడుకుంటాం" అన్నాడు. బయట ఎముకలు కొరికే చలిలోనూ గాలిలో ఎంతో కొంత వేడి ఉంటుందట. దాన్ని పోగుచేసి ఇంట్లోకి తెస్తుంది. మామూలు హీటరు యూనిట్టు కరెంటుకు యూనిట్టు వేడే ఇస్తే, ఇది మూడింతల దాకా ఇస్తుంది. చలి ముదిరిన కొద్దీ ఆ లాభం తగ్గుతుంది. అతను తీసుకున్న ఒప్పందంలో కరెంటు ధర గంట గంటకూ మారుతుంది గనుక, బట్టలు ఉతికేది అర్ధరాత్రేనట. అమ్మ అంతా విని, "పాపం, వాడికి వేడి కరువు, మనకు చలవ కరువు. ఆ భగవంతుడు కాస్త సర్ది ఇవ్వకూడదూ!" అంది.

ఏసీ కొనబోయేవారికి రెండు మాటలు. పెట్టెమీద అంటించిన చీటీలో ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉంటుంది. అది 1,600 గంటలకు కట్టిన లెక్క. దాన్ని 1,600తో భాగిస్తే గంట ఖర్చు స్థూలంగా తెలుస్తుంది. ఇక నక్షత్రాలు. అయిదు నక్షత్రాలది మూడు నక్షత్రాలదానికంటే అయిదో వంతు ఆదా చేస్తుందనుకుందాం. వేసవి మూడు నెలలు వాడే అమ్మకు ఏడాదికి 90 యూనిట్లు, అంటే అయిదు వందల చిల్లర మిగులుతుంది. కొన్నప్పుడు అదనంగా పోసిన వేలు తిరిగి రావడానికి ఏళ్లు పూళ్లు పడుతుంది. నాలుగు నెలలు రెండేసి వాడే మాబోటివారికి ఏటా రెండు వేల పైచిలుకు. కనుక నక్షత్రబలం చూసుకోవలసింది జాతకంలో కాదు, మీ మీటరులో!

ఇంకొకటి. బాపట్లలో సూర్యలంక దారిలో ఉండే మా సహాధ్యాపకుడి ఏసీ బయటి పెట్టెను ఉప్పుగాలి తినేసింది. గొట్టాలకు చిల్లులు పడి, రెండేళ్లలో మూడుసార్లు గ్యాసు పోయించాడు. సముద్రం దగ్గరివారు పైపూత గల రాగి గొట్టాలున్నది చూసుకోవాలి. వేసవికి ముందు ఆ పెట్టెను మంచినీళ్లతో కడిగించాలి. లోపలి జల్లెడను పదిహేను రోజులకొకసారి మనమే కడుక్కోవచ్చు. పైసా ఖర్చు లేదు.

జూన్‌లో అమ్మ ఫోను చేసింది. "ఒరేయ్, బిల్లు వచ్చింది. 221. నువ్వు చెప్పినదానికి నాలుగు తక్కువే. తెల్లవారుజామున లేచి ఆపేస్తున్నాగా!" గొంతులో నెల రోజులు కడుపునిండా నిద్రపోయిన మనిషి హుషారు ఉంది. తరువాత వెళ్లినప్పుడు ఆమె ఖర్చుల పుస్తకం చూశాను. పాలు, పేపరు, మందులు, వాటి కింద కొత్త పద్దు: "చలవ." రిమోటు దిండు పక్కన ఉంది.

తెనాలి తిరిగివచ్చి మా ఆవిడకు ఇదంతా చెబితే, ఆమె సావధానంగా విని, "బాగుంది. మరి మనింటి మాటేమిటి?" అంది. ఆ రాత్రినుంచి నలుగురం ఒకే గదిలో పక్కలు వేసుకుంటున్నాం. పిల్లలు రెండు రోజులు సణిగి, మూడోనాడు కబుర్లలో పడ్డారు. రెండో ఏసీ ఆగితే తగ్గిన 150 యూనిట్లూ పై మెట్లవే గనుక, నెలకు 1,437 రూపాయలు మిగిలాయి. అమ్మ నెల చలవకు అయ్యేది 825 అని మనవి చేశానుగదా.

మీ ఇంట్లో పొదుపు చేయవలసి వస్తే చేయండి, తప్పులేదు. కాని అది పడుచువాళ్ల రెండో గదిలో మొదలుపెట్టండి. పెద్దవాళ్ల బీరువాలో మాత్రం రిమోటు ఉందేమో ఒకసారి తెరిచి చూడండి.