పళ్ల క్లిప్పు చేసే చేతికి కాగితం ఉందా?

ఎత్తు పళ్లంటే మన ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది అమ్మాయి సంబంధాలే. రాజుపాలెం నుంచి నరసరావుపేటకో గుంటూరుకో తీసుకెళ్తే, డాక్టర్ కొందరు పిల్లలకు తీసి పెట్టుకునే క్లిప్పు రాస్తారు. దాన్ని సాధారణంగా తయారుచేసేది డెంటల్ ల్యాబ్‌లోని మెకానిక్.

డాక్టర్ తీసిన నోటి అచ్చులో పిండి పోసి పళ్ల నమూనా చేస్తారు. 0.7 మి.మీ. స్టీలు తీగతో దవడ పళ్లను పట్టే కొక్కేలు, 0.5 మి.మీ. తీగతో పన్నును నెట్టే స్ప్రింగు వంచుతారు. యాక్రిలిక్ పొడి, ద్రవం కలిపి ప్లేటు పోసి, గట్టిపడ్డాక నునుపు చేస్తారు. కొక్కెం వదులైతే ప్లేటు నిలవదు. స్ప్రింగు వంపు తప్పితే పన్ను తప్పు దిక్కుకు కదులుతుంది.

డెంటల్ మెకానిక్‌లకు రిజిస్టర్ 1948 చట్టంలోనే ఉంది. పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించిన జాతీయ డెంటల్ కమిషన్ చట్టం డాక్టర్లతో పాటు దంత సహాయకులకూ ఆన్‌లైన్ జాతీయ రిజిస్టర్ ఉండాలంటోంది. ఇది అమలైతే మనకు మంచిదే. కానీ ల్యాబ్‌లో చూసి నేర్చుకున్న కుర్రాడికి పని వచ్చు, కాగితం లేదు. రిజిస్టర్ గట్టిపడే కొద్దీ దెబ్బ అతనికే. అందుకే ఇంటర్ సైన్స్ చదివిన పిల్లలు రెండేళ్ల డెంటల్ మెకానిక్ డిప్లొమా వైపు చూడాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు మిగులుతుందని నేరుగా ల్యాబ్‌కు వెళ్లొద్దు. నోరు చూడాల్సింది డాక్టరే. ఈ క్లిప్పు పన్నును ఒరిగించగలదు గానీ అన్ని వంకరలూ సరిచేయలేదు. డాక్టర్ చెప్పినన్ని గంటలు పెట్టుకోకపోతే ఆ డబ్బు వృథానే.