ఏడవ తరము వారి హక్కు

2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు మారిషసు ద్వీపమునకు వెళ్లినపుడు, భారత సంతతివారైన అచ్చటి పౌరులకు ఏడవ తరము వరకును విదేశ భారత పౌరసత్వము లభింపగలదని ప్రకటించిరి. మరుసటి యేట ప్రధానమంత్రి మోదీ గారు ఆ దేశపు ప్రధాని రామ్‌గులాం దంపతులకు ఆ పత్రములను స్వయముగా నందజేసిరి. వార్త విని మనవారు సంతోషించిరి. సంతోషింపదగినదే. కాని మూట విప్పి చూచినగాని అందేమున్నదో తెలియదు.

మారిషసునకు ఒప్పందపు కూలీల ఓడలు 1834లో మొదలయ్యెను. అంతకు కొంచెము ముందే, 1832–33లో, గుంటూరు మండలమును నందననామ సంవత్సరపు డొక్కల కరవు పీల్చి పిప్పి చేసియుండెను. కోరంగి రేవున ఓడ యెక్కిన తెలుగువానికి పరదేశమున ‘కోరంగి’ యనియే పేరు పడినది. వాని ఊరును, భాషయును ఆ రేవుపేరులోనే మునిగిపోయెను. పోర్టులూయీలో దిగిన ప్రతివానికిని కచేరీలో నొక సంఖ్య. పేరు, తండ్రి పేరు, ఈడు, కులము, గ్రామము గుమాస్తా తన చెవికి సోకినట్లు రోమను లిపిలో వ్రాసికొనెను. ఇంటిపేరు అడిగినవాడు లేడు. అప్పన్న యను తాత పేరే ‘అపనా’యై మనుమల ఇంటిపేరుగా స్థిరపడినది. ఆ దస్తరములు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. వానిలో తన తాతను గుర్తుపట్టగలిగినవానికే ఈ పత్రము.

ఇక చట్టము మాట. 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము, 1950 జనవరి 26న గాని తరువాత గాని భారత పౌరుడైనవాని, లేదా ఆనాడు పౌరుడగుటకు అర్హుడైనవాని సంతానమునకు ఈ పత్రము దొరకును. మొదట మనుమని వరకే యుండెను. 2015లో మునిమనుమని చేర్చిరి. మనము తర్పణము విడుచునదియు తండ్రి, తాత, ముత్తాతలకే గదా! శాసనకర్తలు దీనిని తలచిరో లేదో గాని లెక్క సరిపోయినది. మారిషసునకు ఏడు తరములనుటతో తర్పణమును దాటి సాపిండ్యము దాక పోయితిమి.

అయినను ఇది పౌరసత్వమా? ఓటు లేదు. వ్యవసాయభూమి కొనరాదు. 2021 నాటి ప్రకటన ననుసరించి, పత్రికావృత్తికిని పరిశోధనకును వేరుగ అనుమతి తెచ్చుకొనవలెను. ప్రభుత్వమువారు చట్టములోని కారణములు చూపి రద్దు చేయవచ్చును కూడ. అనగా చిరకాలము చెల్లు వీసాకు పౌరసత్వమని పేరు పెట్టితిమి. ఓటు లేదని మేము వగచుట లేదు. పోర్టులూయీలో పన్ను చెల్లించువాడు కాకినాడ పన్ను నిర్ణయింపరాదు. పత్రము పొంది అయిదేండ్లు గడచి, ఏడాది ఇచ్చట నివసించి, తన పాత పౌరసత్వమును వదలుకొన సిద్ధపడినవానికి సంపూర్ణ పౌరసత్వమునకు దారి చట్టములోనే యున్నది. ఆ వరుస న్యాయమైనది: పూర్వుని పేరు వాకిలి తెరచును, నివాసము ఇంటివానిని చేయును. ఇటలీవారు దీనికి విరుద్ధముగ నడచిరి. 1861లో రాజ్యమేర్పడిన పిదప జీవించియున్న పూర్వునొకనిని చూపగలిగిన బ్రెజిలు, అర్జెంటీనా వాసులకు ఓటుతో సహా సర్వమును ఇచ్చిరి. దరఖాస్తులు కొండలైన పిమ్మట 2025లో తలిదండ్రులతోను తాతలతోను ఆపివేసిరి.

పూర్వుడే గోడయైన దేశము బర్మా. అచ్చటి 1982 చట్టము 1823నకు పూర్వమే స్థిరపడిన జాతులవారిని జన్మతః పౌరులుగా నెంచినది. ఆంగ్లేయులతో మొదటి యుద్ధము 1824లో. ఆ జెండా వెనుక వచ్చిన ప్రతివాడును పరాయివాడేనని దీని భావము. 1948 చట్టము క్రింద అప్పటికే పౌరులైనవారు నిలిచిరి. కాగితములు లేక వెనుకబడినవారికి ‘సహపౌరులు’, ‘స్వీకృతపౌరులు’ అను క్రింది మెట్లు మిగిలెను. రంగూను రేవున బస్తాలు మోసిన కోరంగివాని మునిమనుమడు అచ్చటనే పుట్టి, ఆ భాషయే మాటలాడుచు, తాను ఎన్నడు చూడని తాత ఏ యేట ఓడ దిగెనో చెప్పవలసినవాడయ్యెను. 1942లో కాలినడకను, 1964 జాతీయీకరణము తరువాత ఓడలమీదను తిరిగివచ్చినవారి గుర్తుగా విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేరు నిలిచియున్నది. నదీమూలము, ఋషిమూలము అడుగరాదందురు. కూలివాని మూలము మాత్రము ప్రతి కచేరీయు అడుగుచునే యున్నది.

కావున మా ఫిర్యాదు మన ప్రభుత్వము ఇచ్చినదానిపైన కాదు, ఇచ్చిన తీరుపైన. 2023లో సురినామునకు ఆరు తరములు, 2024లో మారిషసునకు ఏడు, 2025 జూలైలో ట్రినిడాడునకు ఆరు. ఒక్కొక్క రాజపర్యటనకు ఒక్కొక్క వరము! ఈ మూడు ప్రకటనలలో నేటాలు పేరు లేదు, ఫీజీ పేరు లేదు. 1860లో మదరాసునుండి ట్రూరో ఓడలో నేటాలు చేరినవారును, 1903 మొదలు ఫీజీ చెరకుతోటలకు పోయిన దక్షిణాదివారును వేలిముద్ర వేసినది అటువంటి ఒప్పందముమీదనే గదా! హక్కు యనదలచినచో దానిని పార్లమెంటు చట్టములో, దేశభేదము లేక, ఒప్పందపు కూలీల సంతతికందరికిని ఒకే మాటలో వ్రాయవలెను. అతిథి మర్యాదగా నిచ్చినది అతిథి ముఖము చూచి ఇచ్చునదే యగును.

హక్కు వ్రాసినంతమాత్రమున చాలదు. గుమాస్తా రోమను లిపిలో వికృతముగ వ్రాసిన గ్రామము శ్రీకాకుళము జిల్లాలోనిదో, విజయనగరము జిల్లాలోనిదో, గోదావరి లంకలలోనిదో మారిషసులోని మనుమడు ఎట్లు పోల్చుకొనగలడు? అది మనకు తెలియును. మదరాసు రాజధాని దస్తరములు చెన్నపట్టణమున ఎగ్మూరులో నున్నవి. పాత తాలూకాల గ్రామముల పట్టికలు మన రెవిన్యూ కచేరీలలో నున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులైన గుమాస్తాలను, ఒక భాషాపండితుని కూర్చుండబెట్టి, ఆ రోమను రూపములకెదుట నేటి గ్రామనామములు వ్రాయించి మోకాకును, డర్బనుకును, సూవాకును ప్రతులు పంపవలెను. వచ్చు బడ్జెటులో దీనికొక పద్దు చూపించుడని ఉత్తర కోస్తా శాసనసభ్యులను అడుగుచున్నాము.