ఆత్రేయపురం రేకుకు రాష్ట్ర సరిహద్దా?

పొయ్యి మీద బోర్లించిన కుండ. బియ్యపు జావలో ముంచిన పల్చటి గుడ్డను దాని మీద పరిచి లాగితే రెప్పపాటులో పూతరేకు తేలుతుంది. ఆత్రేయపురం ఆడపడుచుల ఈ పనితనానికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రేకు తీసిన చేతులే తుడుచుకుని ఫోన్లో ఆర్డర్లు చూసుకునే రోజులివి. యూపీఐలో డబ్బు క్షణంలో పడుతుంది. సరుకుకే చిక్కంతా.

2023 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారులకు కేంద్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటనివారు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఈ-కామర్స్ వేదికల్లో సరుకు అమ్ముకోవచ్చు. అయితే సొంత రాష్ట్రంలోనే! పూతరేకులకు ఎంతో గిరాకీ ఉన్న హైదరాబాద్‌కు ఒక్క డబ్బా పంపాలన్నా రిజిస్ట్రేషన్, రిటర్నులు, అకౌంటెంటు ఫీజు తప్పవు. పండక్కి నాలుగు డబ్బాలు అమ్ముకునే ఇల్లాలికి ఇంత బరువా?

ఈ వెసులుబాటును సరిహద్దు దాటనిస్తే పన్ను ఎగవేస్తారన్న భయానికి ఆధారం లేదు. వెసులుబాటు వాడుకునేవారు పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో నమోదు కావాల్సిందే. ప్రతి అమ్మకమూ వేదిక లెక్కల్లో ఉంటుంది. చిన్న అమ్మకందారుల రిజిస్ట్రేషన్‌ను తేలిక చేయడానికి 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మంచిదే, కానీ చాలదు. ఆ 40 లక్షల మినహాయింపు సరిహద్దు దాటిన అమ్మకాలకూ వర్తించాలి. మండలిలో సభ్యులైన రెండు తెలుగు రాష్ట్రాల మంత్రులూ ఈ మాట కలిసి అడగాలి.