యుద్ధమొస్తే ప్రశ్న ఆగాలా?

సరిహద్దులో దాడి జరగగానే జనం నాయకుడి వెనక చేరతారు. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటుతో పడిపోయిన వాజ్‌పేయి ప్రభుత్వం, కార్గిల్ యుద్ధం తర్వాత అక్టోబరులో మళ్ళీ గద్దెనెక్కింది. అయితే బిజెపి సీట్లు 1998లో 182, 1999లోనూ 182. పెరిగింది పొత్తుల బలం. మన రాష్ట్రంలో తెలుగుదేశం 29, బిజెపి 7 గెలిచాయి.

ఈ ఆదరణ స్త్రీలకేం తెచ్చింది? ఆ డిసెంబరులోనే పెట్టిన మహిళా రిజర్వేషన్ బిల్లు గట్టెక్కలేదు. చట్టం కావడానికి 2023 దాకా పట్టింది. 2004లో ఆ ప్రభుత్వమూ ఓడింది.

యుద్ధోత్సాహం కరిగిపోతుంది, వాయిదా పడ్డ హక్కులు అలాగే ఉంటాయి. 1992లో సారాపై కదిలిన నెల్లూరు స్త్రీలు తగిన సమయం కోసం కాచుకోలేదు. చిట్టమూరు పల్లెల్లో కూలి, తాగునీరు అడిగే స్త్రీని 'దేశం ఆపదలో ఉంది, ఇప్పుడు కాదు' అని ఆపేవారిని మనం నిలదీయాలి.